కింది కోర్టు, పై కోర్టు, మా మేనత్త

మొన్న టీవీలో అడుగున అక్షరాలు పరుగెడుతుంటే కళ్లజోడు సర్దుకుని చదివాను. 'కింది కోర్టు తీర్పును కొట్టేసిన హైకోర్టు.' ఎవరి కేసో తెలియదు. ఆ 'కొట్టేసిన' దగ్గరే ఆగిపోయి, పొయ్యి మీద పాలు మాడిన వాసన వచ్చేదాకా కదల్లేదు. మా మేనత్త గుర్తొచ్చింది.

రాజధాని హైదరాబాదుకు మారిన కొత్తలు. ఆ ఏడు వానల్లేక నేల నెర్రెలిచ్చింది. గార్లదిన్నె దగ్గరి పల్లెలో ఆమె మొగుడు, మా మామకు చెనిక్కాయ చేను ఉండేది. గట్టు తగాదాలో పక్కచేని మనిషి చచ్చిపోయాడు. అనంతపురం సెషన్సు కోర్టు మామకు ఉరిశిక్ష వేసింది. నాయన తన చెల్లెల్ని కళ్యాణదుర్గంలోని మా యింటికి తీసుకొచ్చాడు. పెళ్లి కుదిరిన నేనూ, అత్తా ఒకే చాప మీద పడుకునేవాళ్లం. గట్టు మీద ఏం జరిగిందో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

కింది కోర్టు ఉరి వేసినా పై కోర్టు ఖాయం చేసేదాకా అమలు కాదనీ, అప్పీలు కూడా వేశామనీ ప్లీడరు చెప్పాడు. అంతవరకూ మా యింట్లో 'ఖాయం' అంటే నా పెళ్లి సంబంధమే. ఆ తర్వాత ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అత్త మాత్రం ఒకరోజు బియ్యం ఏరుతూ తనకు అర్థమైనంత చెప్పింది. "అంటే పై కోర్టు అత్త, కింది కోర్టు కోడలు. అత్త వొద్దంటే కోడలు వండిన కూడు పారబోయల్ల. అంతే గదన్నా?" నాయన నవ్వాడు. ఆ కాలమంతటిలో మా యింట్లో వినిపించిన నవ్వు అదొక్కటే.

ఒక సాయంత్రం నాయన బస్సు దిగి వీధిలోంచే అరిచాడు. "కొట్టేసినారు! పై కోర్టులో కొట్టేసినారు!"

అత్త చేతిలో చేట జారింది. "నా మొగున్ని చంపేసినారా అన్నా?" అంటూ గడపలోనే కూలబడింది.

"నీ మొగున్ని గాదు మే, తీర్పును! ఇడిసిపెట్టినారు!"

మామ వచ్చాడు. బాగా చిక్కిపోయాడు, మాట తగ్గిపోయింది. వాళ్లు ఊరికి పోతుంటే అత్తకు తోడుగా నన్నూ పంపారు. అక్కడ మామ ఎప్పుడు కూర్చున్నా గుమ్మం వైపే మొహం పెట్టి కూర్చునేవాడు, అటు వీపు తిప్పగా నేను చూడలేదు.

ఒక మధ్యాహ్నం చనిపోయినవాడి అన్న వాకిట్లోకి వచ్చి నీళ్లడిగాడు. అత్త చెంబు ఇచ్చింది. నిదానంగా తాగి, మామ వైపు తిరిగాడు.

"పెద్దకోర్టు ఇడిసిపెట్టిందంట గదప్పా. మంచిదే. ఇంగ ఊర్లోనే ఉంటావు గదా?"

"యాడికి పోతానన్నా?" అన్నాడు మామ.

"అదే కావల్ల" అని చెంబు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది. అత్త ఆ చెంబును బూడిదతో తోముతూనే ఉంది, ఎంతకీ ఆపలేదు.

తొలకరి పడ్డాక మామ విత్తనాల కోసం పామిడి పోయాడు. అక్కడ దిగడం కండక్టరు చూశాడు. అంతే, తిరిగి రాలేదు. పామిడి పక్కన పెన్న ఏటి ఇసకంతా నాయనా, బంధువులూ తిరిగి వెతికారు. పోలీసులు వచ్చి రాసుకుని పోయారు. చంపారో, భయపడి తనే ఎటైనా పోయాడో తెలియలేదు.

అత్త ప్లీడరు దగ్గరికి పోవాలని పట్టుబట్టింది. నేనూ వెళ్లాను. "సామీ, కింది కోర్టు మీద పై కోర్టు ఉండాదంటిరి. దీనికి యా కోర్టుకు పోవల్ల?"

ఆయన చేతిలోని కాగితాలు పక్కన పెట్టాడు. "ముందర కేసుండల్ల గదమ్మా. మనిషి యాడున్నాడో తెల్లేదు, శవం లేదు. యా కోర్టని చెప్పను?"

అత్త కొంగు సర్దుకుని లేచింది.

అత్త పోయి చాలా ఏళ్లయింది. చనిపోయినవాడి అన్నదమ్ముల్లోనూ ఎవరూ మిగల్లేదు. కాలం ఏదీ తేల్చి చెప్పలేదు, చెప్పగలిగినవాళ్లను మాత్రం ఒక్కొక్కరినే తీసుకుపోయింది.