అద్దం ముందు కుర్చీ

కత్తెర మామ గడ్డం గీస్తుంటే ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. గొంతు మీద కత్తి ఉన్నప్పుడు ఎంతటి పెద్దమనిషైనా బుద్ధిగా వింటాడు. అందుకే చర్చిలో శిష్యత్వ తరగతిలో చేరిన దగ్గర్నుంచీ మామ తన పాఠాలన్నీ సెలూనుకు వచ్చినవాళ్ల మీదే వల్లె వేస్తున్నాడు.

"మామా, శత్రువుని ప్రేమిద్దాం సరే, ముందా కత్తి పక్కన పెట్టు" అన్నాడొకడు, నురుగులోంచి.

యాభై దాటాక ఈ చదువేమిటంటే దానికో కారణం ఉంది. మామ భార్య ఆపరేషనై మంచాన పడ్డప్పుడు చర్చి టీచరమ్మ, ఒకప్పటి నర్సు, రోజూ వచ్చి ఆవిడకి చిక్కు తీసి తల దువ్వేది. వీధి వీధంతటికీ తల దువ్వే మామకి ఇంట్లో ఆ పని తట్టనే లేదు. "ఇదెక్కడ నేర్చుకున్నారమ్మా?" అనడిగాడు. "తరగతికి రండి, చెప్తా" అందావిడ.

ఆ తరగతిలో రూలు ఒక్కటే. విన్న పాఠం చేసి చూపించాలి. అప్పుడే తర్వాతి పాఠం. అన్నీ పూర్తి చేసినవాళ్లు ఒక ఆదివారం చర్చి సంఘం ముందు నిలబడి, బతికినన్నాళ్లూ యేసు శిష్యులుగా ఉంటామని మాటిస్తారు. ఆ వరసలో నిలబడాలని మామకి చిన్నపిల్లాడి ఆశ.

గురువైన యేసే తన శిష్యుల కాళ్లు కడిగిన పాఠం వచ్చింది. 'ఇదెంత పని' అనుకుని మామ చర్చి వరండాలో స్టూలు వేసి, పేదలకు ఉచితంగా క్షవరం మొదలుపెట్టాడు. అందరూ ఒకటే మెచ్చుకోళ్లు. వరసలో మామ వీధిలోనే మ్యాన్‌హోల్ దిగి పనిచేసే అతను కూర్చున్నాడు. మామ తలకి మిషన్ పెట్టగానే అతను కెవ్వుమన్నాడు.

"అన్నా, పుణ్యం నీకూ నొప్పి నాకూనా?"

టీచరమ్మ మిషన్ చేతిలోకి తీసుకుంది. "షాపులో వాడేది ఇదేనా?"

"కాదమ్మా, పాతది. ఇక్కడికి చాల్లే అని..."

"ఇతను మీ వీధివాడేగా, షాపుకెందుకు రాడు?"

జవాబు అతనే చెప్పాడు. "ఒకసారి వచ్చానమ్మా. 'తర్వాత రా' అన్నాడు. ఆ 'తర్వాత' ఇంకా రాలేదు."

"అయితే మీ పాఠం కూడా ఇంకా అవలేదు" అంది టీచరమ్మ మామతో.

ఇంటికొచ్చి మామ రుసరుసలాడాడు. "ఊరికే చేసినా తప్పేనా?"

"మురుగు పంపే మనం శుభ్రం, ఎత్తేవాడు మురికి. భలే లెక్క!" అంది భార్య. "ఆ కాంట్రాక్టరుకి భయపడుతున్నావని చెప్పరాదూ?"

నిజమే. మ్యాన్‌హోళ్లలోకి మనుషుల్ని మాస్కు కూడా ఇవ్వకుండా దించే ఆ కాంట్రాక్టరు మామ షాపుకు పాత ఖాతాదారు. అతను లేస్తే వెనకే నలుగురు లేస్తారు. మనిషిని గొయ్యిలోకి తోసే చెయ్యి శుభ్రమైనదని మన వీధుల్లో ఎవరు తీర్పిచ్చారో గానీ, ఇన్నేళ్లూ మామ కూడా దానికి తలూపాడు.

శనివారం షాపు కిటకిటలాడుతోంది. డ్యూటీ దిగి స్నానం చేసి అటుగా పోతున్న మ్యాన్‌హోల్ పనివాణ్ణి చూసి మామ గడప దాకా వెళ్లాడు. "తమ్ముడూ, లోపలికి రా." తీసుకొచ్చి అద్దం ముందు కుర్చీలో కూర్చోబెట్టి, ఉతికిన తువ్వాలు కప్పాడు.

బెంచీ మీద వంతు కోసం కూర్చున్న కాంట్రాక్టరు లేచాడు. "ఇక ఆ కుర్చీలో మేం కూర్చోవాలా?"

మామ తువ్వాలు అంచు సర్ది కత్తెర అందుకున్నాడు. "కూర్చోవాలి సార్. ఇతనిదయ్యాక."

కాంట్రాక్టరు వెళ్లిపోయాడు. వెనకే ఇద్దరు. పక్క కుర్చీలోని మూడోవాడు లేవబోయి అద్దంలో తన మొహం చూసుకున్నాడు. "సగం గడ్డంతో ఎక్కడికి పోను మామా? కానియ్!"

పని అయ్యాక మామ డబ్బు వద్దన్నాడు.

"తీసుకో అన్నా. బాగా కుదరకపోతే తిట్టే హక్కు నాకుండాలి కదా" అన్నాడతను.

కాంట్రాక్టరు మళ్లీ రాలేదు. శనివారాలు షాపు కాస్త ఖాళీగానే ఉంటోంది. ఆ ఖాళీలో మామ మిగతా పాఠాలు పూర్తి చేశాడు. ఇంట్లో భార్య తల దువ్వడం కూడా నేర్చుకున్నాడు, ఆవిడ వంకలు పెడుతుండగానే.

మాటిచ్చే ఆదివారం మామ ఇస్త్రీ చొక్కాతో సంఘం ముందు నిలబడ్డాడు. చూద్దామని వచ్చి వెనక బెంచీలో కూర్చున్న మ్యాన్‌హోల్ పనివాడు తన చెవి పక్కన వేలు పెట్టి చూపించాడు, ఎడమవైపు ఎక్కువ కోశావని.

మామ ప్రమాణం మధ్యలోనే, సరిచేస్తానన్నట్టు తలూపాడు.