కత్తిరించిన వరుస

ఇన్నేళ్లుగా నా గొంతులో అడ్డంపడి ఉన్నది ఒక వరుస. ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నానేమో.

జామ వేళ్లకు బుడిపెలు కట్టించే నులిపురుగులతో నా పని. కంటికి అన్నీ ఒకటే. డీఎన్ఏలో మాత్రం చోటుకో తేడా ఉంటుంది. ఆ తేడాల గుర్తులు జెల్ మీద గీతలుగా కనబడతాయి, ఒక్కో తోటకు ఒక్కో వరుస. ఏ తోట పురుగు ఎక్కడిదో ఆ గీతలను పోల్చి తెలుసుకుంటాం.

కృష్ణా కరకట్ట పక్కన సుబ్బారావు గారి తోటకు వెళ్లినప్పుడు ఆయన ముందు మా ఇంటిపేరు అడిగారు. "అయితే నీకు బాబాయి వరుసవుతానమ్మాయ్" అని తేల్చి, అన్నం తింటేగానీ వేళ్లు తవ్వనివ్వలేదు.

ఫలితాలు వచ్చాయి. దూరపు తోటల గీతలు వేరు. ఆయన తోటవి, గట్టవతలి తోటలవి ఒకటే. సరిచూసుకోవడానికి ఒక నర్సరీ మొక్క వేళ్లలోని పురుగును కూడా చివరి వరుసలో పెట్టాను. అదీ ఒకటే. ఆ నర్సరీ మా మేనమామది. సుబ్బారావు గారు మొక్కలు తెచ్చుకున్నది అక్కడే.

ఇంట్లో అందరూ ఇక చదువు చాలన్నప్పుడు నా వైపు నిలబడింది ఆ మామయ్యే. అందుకేనా? లేక గొడవంటే భయమా? ఇప్పటికీ తేలలేదు. నివేదికలో పెట్టే జెల్ ఫొటో అంచు కాస్త లోపలికి జరిపాను. చివరి వరుస పోయింది. అబద్ధం ఒక్క ముక్క కూడా రాయలేదు, రాయలేదన్న ధీమాతోనే చాలాకాలం గడిపేశాను.

ఆ ఫొటో చూసినవాళ్లు, ముందు తెగులు కనబడింది అక్కడే గనుక, పురుగు సుబ్బారావు గారి తోట నుంచే పాకిందన్నారు. ఆయన పొలం దున్నిన ట్రాక్టరును పక్కవాళ్లు తమ గట్టు ఎక్కనివ్వలేదు. చివరికి ఆయనే తన చెట్లన్నీ పీకించేశారు.

తర్వాత ఒకరోజు బెంజ్ సర్కిల్ దగ్గర కనబడి, టీ తాగుదాం రమ్మన్నారు. నా ముఖం చూసి ఆయనే నన్ను ఓదార్చారు.

"నీ తప్పేముందమ్మా, ఉన్నది ఉన్నట్టు చెప్పావు. అవతలి చేలో మళ్లీ జామే వేస్తున్నా. ఆ మన్ను మంచిదే. మొక్కలు మీ మామయ్య గారికే చెప్పబోతున్నా. తెలిసినోళ్లు కదా."

వద్దండీ అంటే చాలు. ఒక్క మాట. ఫొటో కత్తిరించింది భయమే అనుకుందాం, మరి ఆ మనిషి టీ గ్లాసు నా చేతికిచ్చి ఎదురుగా నిలబడి నవ్వుతుంటే నా నోరు కట్టేసిందెవరు?

"మంచిది బాబాయి గారూ" అన్నాను.

ఆ తోటా పోయింది. ఆయనకు నేనింకా చెప్పలేదు. మామయ్యను అడగనూ లేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు.

చివరి వరుస మా మామయ్యది. రాసేశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. ఆడుతున్నందుకు సిగ్గుగానూ ఉంది.