టైడాలో దిగిపోయిన ముసలమ్మ

నేను అరకులో గిరిజన బాలికల బడిలో లెక్కలు చెబుతాను. మా హాస్టల్లో ఏటా ఒక దెయ్యం పుడుతుంది. ఏటా నేనే టార్చిలైటు పట్టుకెళ్ళి దాని సంగతి తేలుస్తాను. ఒకసారి అది నీళ్ళ ట్యాంకు మూత, ఇంకోసారి గుడ్లగూబ. కాబట్టి ఇది చదివి "టీచరుకి గాలి సోకింది" అనుకోకండి. నాకు అలాంటివాటి మీద నమ్మకం లేదు. జరిగింది మాత్రం చెబుతాను.

మా మరిది పేరు బెకెలె. ఇథియోపియా మనిషి. విశాఖలో వ్యవసాయం చదవడానికి వచ్చి, కాఫీ తోటలు చూద్దామని మా ఊరొచ్చి, మా చెల్లి దేవిని చూసి ఆగిపోయాడు. వాళ్ళవీ కాఫీ పండే కొండలే. మొదటిరోజే అమ్మ చేతిలోంచి మూకుడు లాక్కుని గింజలు వేయించి, కాచి ఇచ్చాడు. "అయితే ఇన్నాళ్ళూ మనం తాగింది ఏటే?" అంది అమ్మ నాతో. ఆవిడ లెక్కలో ఆ రోజే అల్లుడైపోయాడు.

పెళ్ళికి ఒకటే అడ్డం. మాలో గోత్రం లేనివాడికి పిల్లనివ్వరు. మాది కొర్ర, అంటే సూర్యుడి గోత్రం. పక్క ఊళ్ళో నాన్న స్నేహితుడు కిల్లో బుద్రు ఉన్నాడు. ఆయనది పులి గోత్రం, పిల్లలు లేరు. పదిమందినీ కూర్చోబెట్టి, బెకెలె నెత్తిన బియ్యం చల్లి, "ఈడు నా కొడుకు" అన్నాడు. అంతే, బెకెలె పులి అయిపోయాడు. మాకు ఇందులో వింతేమీ లేదు.

చిక్కు అక్కడే పడింది. రిజిస్ట్రేషన్ రోజు గుమస్తా పెళ్ళికొడుకు తండ్రి పేరు అడగ్గానే నాన్న గర్వంగా "కిల్లో బుద్రు, రాసుకోండి" అన్నాడు. రాసుకున్నారు. అది తప్పని మాలో ఒక్కరికీ తట్టలేదు.

చదువు అయిపోయి, స్టూడెంట్ వీసా గడువు మీదికొచ్చింది. భార్య ఇక్కడి మనిషి కాబట్టి ఆ కారణం మీద ఉండనివ్వమని అడగొచ్చన్నారు. తీరా కాగితాలు తీస్తే పాస్‌పోర్టులో ఒక తండ్రి, పెళ్ళి సర్టిఫికెట్లో ఇంకో తండ్రి. దేవికి అప్పటికి అయిదో నెల.

మాకు భూమి తగాదాల లాయర్లు తెలుసుగానీ ఇమిగ్రేషన్ లాయరు ఎక్కడుంటాడో ఎవరికి తెలుసు? ఒకాయన "అమెరికాకా?" అన్నాడు. "కాదండీ, అరకులో ఉండటానికి" అంటే నవ్వాడు. ఒక ఏజెంటు, ముందు వాళ్ళ దేశం వెళ్ళిపోయి అక్కణ్ణుంచి అడగమన్నాడు. మళ్ళీ ఎప్పుడు రానిస్తారో చెప్పలేనన్నాడు. ఇంకొకడు పాస్‌పోర్టుతో సరిపోయే దొంగ సర్టిఫికెట్ పుట్టిస్తానన్నాడు. దేవి ఏడుపు చూడలేక మేం వాడి దగ్గరికే బయల్దేరాం. విశాఖ వెళ్ళే రైలుబండిలో నేను, అమ్మ, బెకెలె.

బొర్రాలో ఒక ముసలమ్మ ఎక్కింది. ముక్కుకి రెండు పక్కలా నత్తులు, చంకలో విస్తర్లు కుట్టే అడ్డాకుల కట్ట. కట్టని సీటు కిందికి తోసి, బెకెలె ఎదురుగా కూర్చుంది. ఎండ ఇంకా బాగానే ఉంది. అతన్ని తేరిపార చూసి, "ఎవులి కొడుకువి నాయనా?" అంది.

అతను చెప్పాడు. కన్నతండ్రి సంగతి, బుద్రు మామ సంగతి, సర్టిఫికెట్ సంగతి. బండి సొరంగాల్లోకి దూరుతూ బయటికొస్తూ ఉంది. చీకట్లో కూడా ఆవిడ "ఊఁ, ఊఁ" అంటూనే ఉంది. చివరికి, "ఇద్దరు తండ్రులుంటే సిగ్గేటి? దొంగ కాయితం ఎందుకు? కోర్టు ఎనకాల సందులో కుట్టుమిషన్లు బాగుసేసే కొట్టుంది. దాని మేడ మీద ఆడకూతురుంది, లాయరు. ఉన్నదున్నట్టు సెప్పండి, బేగి ఎల్లండి" అంది. టైడాలో ఆకుల కట్ట తీసుకుని దిగిపోయింది.

బండి కదిలాక నేను, "ముసలమ్మ తెలుగు ఎంత ముద్దుగా ఉందో" అన్నాను.

"తెలుగేటే?" అంది అమ్మ. "అది మా కన్నోరి కువి కాదేటి?" అమ్మ పాచిపెంట వైపు కొండల్లో పుట్టింది. పుట్టింట్లో అంతా కువి మాట్లాడేవారు. అమ్మమ్మ పోయాక ఇంట్లో ఆ భాష ఎత్తేవాళ్ళే లేరు.

బెకెలె మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. "వదినా, ఆవిడ ఒరోమోలో మాట్లాడింది. నేనూ అదే మాట్లాడాను. మీకు అర్థం కాలేదనుకున్నాను" అన్నాడు. ఒరోమో వాళ్ళ ఇంటి భాష.

నేను టీచర్ని. పరీక్షలో కాపీ కొట్టకుండా చూసినట్టు అతన్ని తలుపు దగ్గరికి పంపి, ఇద్దరినీ విడివిడిగా అడిగాను. ముసలమ్మ ఏం చెప్పింది? కోర్టు వెనక సందు, కుట్టుమిషన్ల కొట్టు, మేడ మీద ఆడ లాయరు. ఒక్క మాట తేడా లేదు.

మర్నాడు ఉదయం మేం ఏజెంటు దగ్గరికి వెళ్ళలేదు. సందు ఉంది, కొట్టు ఉంది. మేడ మీద ఒకావిడ అట్టపెట్టెల్లోంచి పుస్తకాలు తీసి సర్దుకుంటోంది. వేరే ఊళ్ళో వీసా కేసులే చూసేదట, ఆ వారమే ఆ గది అద్దెకి తీసుకుందట. ఇంకా బోర్డు కూడా కట్టలేదు. "మీకు ఎవరు చెప్పారండీ?" అంది. "బండిలో ఒక ముసలమ్మ సెప్పింది" అంది అమ్మ.

"దొంగ సర్టిఫికెట్ పెట్టుంటే ఇతనికి ఈ దేశం తలుపు మూసేసేవారు" అందావిడ. బుద్రు మామ చేత, నాన్న చేత, ఊరి పెద్దల చేత మా ఆచారం గురించి వాంగ్మూలాలు రాయించింది. పాస్‌పోర్టు ప్రకారం సర్టిఫికెట్ సరిచేయించి, వీసా మార్పుకి అర్జీ పెట్టింది. చాలా తిప్పలయ్యాయి. కానీ పాప పుట్టేనాటికి బెకెలె దేవి పక్కనే ఉన్నాడు.

ఇంటికొచ్చి చెప్పినప్పుడు నాన్న అడిగింది ఒక్కటే, "ఏ గోత్రమట?" ఎవరు కనబడ్డా ముందు అదే అడిగే మేము, ఆవిడని అడగనే లేదు. నాన్న వారం రోజులు తిట్టాడు.

అలసట అనుకుందామని చూశాను, సొరంగాల హోరు అనుకుందామని చూశాను. అలసట లాయరు అడ్రసు చెప్పదు కదా.

మొన్న బెకెలెని గుచ్చి గుచ్చి అడిగాను, ఆవిడ ఎవరనుకుంటున్నావని. పాపని భుజాన వేసుకుని ఊపుతున్నాడు. "ఎవులైతే ఏటి వదినా? నేనొచ్చిన కాణ్ణించి కొత్తోళ్ళందరూ ఎప్పుడెల్తావనే అడిగినారు. ఎవులి కొడుకువని అడిగింది ఆవిడొక్కర్తే" అన్నాడు, అచ్చం మా నాన్న యాసలో. నాకు ఏడుపొచ్చింది.

ఆవిడ ఎవరో, మాట్లాడింది ఏ భాషో నాకు ఇప్పటికీ తెలియదు. మా మరిది ఇక్కడే ఉన్నాడు, అది మాత్రం తెలుసు.