బావ సైజు అక్షరాలు

మొన్న మధురవాడ ఆఫీసులో నాకు కొత్త లాప్‌టాప్ ఇచ్చారు. ఒకప్పుడు కొత్త కంప్యూటరంటే ఎగిరి గంతేసేవాణ్ణి. ఇప్పుడు మళ్లీ అన్నీ అమర్చుకోవాలంటేనే నీరసం వస్తుంది. కాకపోతే నాకు ఆ పని సులువు. అక్షరాలు ఎంతుండాలి, రంగులేమిటి, ఏ మీట నొక్కితే ఏం జరగాలి అన్నీ ఒక ఫైల్లో రాసి పెట్టుకుంటే, ఏ కంప్యూటర్నైనా అచ్చం అలా తయారుచేసే ప్రోగ్రాం ఒకటుంది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, లోపల విప్పి మార్చుకోవచ్చు. అందులో మా బావా నేనూ కూడా ఓ చెయ్యి వేశాం. బావంటే మా అక్క భర్త, నన్నూ ఆయన బావా అనే పిలుస్తాడు. తీరా ఈసారి పరధ్యానంలో నా ఫైలుకు బదులు పక్కనే దాచుకున్న బావ ఫైలు నడిపాను. తెర మీద ఒక్కో అక్షరం గుమ్మడికాయంతైంది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో బావ పోర్టు దగ్గర ఓడలకు సరుకెక్కించే ఒక కంపెనీలో పనిచేసేవాడు. మూడు షిఫ్టులకీ ఒకటే కంప్యూటరు, ఒకటే లాగిన్, ఒకటే కుర్చీ. కుర్చీ మీద పరుచుకునే తువ్వాలు మాత్రం ఎవరిది వారిదే. బావకి చూపు తగ్గుతోంది. డాక్టరు ఆపలేనన్నాడు. నల్ల తెర, పెద్ద అక్షరాలు ఉంటే పని చెయ్యగలడు, లేకపోతే ఉద్యోగం మానుకోవాల్సిందే. డ్యూటీ ఎక్కిన ప్రతిసారీ అన్నీ మళ్లీ మార్చుకునే తిప్పలు పడలేకే, ఎక్కడెక్కడి వాళ్లో కలిసి రాస్తున్న ఆ ప్రోగ్రాంలో చేరాడు. నన్నూ లాగాడు. ప్రోగ్రాం రాయడం ఆయన వంతు, తప్పులు వెతకడం, ఇంగ్లీషులో మెయిళ్లు రాయడం నా వంతు. ఆదివారం మధ్యాహ్నం అక్క పెట్టిన చేపల పులుసు తిని, ముంచుకొచ్చే నిద్రతో పోట్లాడుతూ కూర్చునేవాళ్లం. "మీకు తిన్నది అరగక కాదేటి ఇది?" అనేది అక్క.

ఆఫీసులో ఆ ప్రోగ్రాం వాడిన మొదటిరోజే పరువు పోయింది. బావ తన అక్షరాలు తెచ్చుకుని పని చేసుకుని, అలాగే వదిలేసి ఇంటికొచ్చాడు. తర్వాత షిఫ్టుకొచ్చిన పెద్దాయన కంప్యూటరు పాడైందనుకుని ప్లగ్గు పీకేశాడు. మేనేజరు పిలిచి, ఇంకోసారి ఇలాగైతే కుదరదన్నాడు.

"కుర్సీ దిగినోడు తువ్వాలు తీసుకుపోతాడు కదా బావా! ఇదీ అలగే తీసుకుపోవాల," అన్నాడు బావ. అంటే, దిగేటప్పుడు ఒక్క కమాండుతో కంప్యూటరు మునుపటిలా అయిపోవాలి. రాసి పంపాం. మిగతావాళ్లు వద్దన్నారు. తన సొంత కంప్యూటర్ని వెనక్కి మార్చుకునే అవసరం ఎవరికుంటుందని అడిగారు. మా కాపీలో మేమే పెట్టుకుంటే, వాళ్లు కొత్తది విడుదల చేసినప్పుడల్లా మాది చెడిపోయేది. మళ్లీ సరిచెయ్యడం, మళ్లీ మెయిళ్లు. విసిగి వదిలేద్దామన్నాను.

"ఆల్లకి సొంత మిసను ఉంది బావా, నాకు నేదు. నాను వదిలెయ్యడానికేటుంది?" అన్నాడు. మళ్లీ మెయిలు రాయడానికి కూర్చున్నాను. చివరికి వాదన మానేసి, ఒక కుర్చీ, మూడు తువ్వాళ్ల సంగతి ఉన్నదున్నట్టు రాశాను. ఒప్పుకున్నారు. ఆ కమాండు పుణ్యాన బావ ఇంకొన్నేళ్లు ఉద్యోగం చేశాడు. ఆ తర్వాత గుమ్మడికాయలు కూడా కంటికి ఆనలేదు. ఎవరిచేతా మాట పడకుండా తువ్వాలు తీసుకుని వచ్చేశాడు.

మొన్న ఫోన్ చేసి జరిగింది చెప్తే నవ్వాడు. "నా అచ్చరాలతో నీకేటి పని బావా? దిగిపో, దిగిపో!"

ఫోన్ పెట్టేసి, దిగే కమాండు కొట్టబోయి ఆగాను. పొద్దుట్నుంచీ వచ్చిన మెయిళ్లన్నీ ఆ గుమ్మడికాయల్లోనే చదివేశాను, కళ్లజోడు ఇంకా సంచిలోనే ఉంది. ఆ కుర్చీలోకి నా షిఫ్టు ఎప్పుడు వచ్చిందో నేను గమనించనే లేదు.