ఇసుకలో రాసిన పేరు

ధవళేశ్వరం లాకుల దగ్గర పడవ తెల్లవారుతూనే కదలాలి. ఇంకా రాని బియ్యం బస్తాల కోసం సరంగు ఎదురుచూడటంతో ఎండెక్కాక కదిలింది. టిక్కెట్టు ముందే కొన్నవాళ్లం ఒడ్డున పడిగాపులు కాశాం.

నేను రాజమండ్రిలో బడిపంతులిని. సముద్రపు ఒడ్డున ఒక జాలరిపల్లెలో మా సంఘం పెద్దవాళ్లకు బడి నడుపుతోంది. కనీసం ఒక్కరికైనా చదవడం రాకపోతే బడి మూసెయ్యాలని సంఘం పెద్దలు తీర్మానించి, చూసి రమ్మని నన్ను పంపారు. మూతపడుతుందనే నేనూ అనుకున్నాను.

గట్టు మీద ఇద్దరు మనుషులు తాడుతో పడవ లాగుతున్నారు. కడియం దాటాక అటుకులూ పెరుగూ తిన్నాను. పక్కన రామచంద్రపురం రైతు వీరన్నగారు కూర్చున్నారు. నా పని ఏమిటో విని నవ్వారు.

"గడ్డాలు నెరిసినోళ్లకి ఇప్పుడు అక్షరాలెందుకండి?"

చిరాకుపడి కాలవ వైపు తిరిగాను.

సాయంత్రానికి ద్రాక్షారామంలో దిగి సత్రంలో పడుకున్నాను. మర్నాడు ఎద్దుబండి ఇసుకదారిలో ఈడ్చుకుంటూ పల్లె చేర్చేసరికి మధ్యాహ్నమైంది. ఆ దారిన వెళ్లేవారు మంచినీళ్లు వెంట తీసుకువెళ్లడం మంచిది. పంతులమ్మ సువార్తమ్మ లూథరన్ మిషన్ బడిలో చదివిన మనిషి, పాత పంతులు వెళ్లిపోయాక ఆ ఊరు వచ్చి నెలే అయింది.

చేపలు ఎండబోసి వచ్చిన ఆడవాళ్లు పాకలో కూర్చున్నారు. పలకలు లేవు, నేల మీద పరిచిన ఇసుకలోనే రాత. చివర కూర్చున్న ఆవిడకి రామాయణ కథల వాచకం ఇచ్చి చదవమన్నాను. "అడవికి వెళ్లెను" అని చదివింది. ముందున్న "రాముడు" వదిలేసింది. మళ్లీ చదవమన్నాను. మళ్లీ అంతే, తల వంచుకుంది. మొదటి మాటే రాలేదంటే మిగిలింది బట్టీ పట్టిందేనని గట్టిగా అనేశాను. సువార్తమ్మ ముఖం వాడిపోయింది.

పక్కనున్న ముసలావిడ కలగజేసుకుంది. "బట్టీ కాదండి. ఆ మాట అది అనదు. దాని పెనిమిటి పేరండి అది."

నాకు సిగ్గేసింది. పెళ్లయిన నాటినుంచి నా పేరు ఒక్కసారీ పలకని భార్యను ఇంట్లో పెట్టుకుని, నాకు ఆ ఆలోచనే రాలేదు. రాముడి ఊసు లేని వేరే పుట తీసి ఇచ్చాను. తడుముకుంటూనే చివరిదాకా చదివింది. బడి నిలబడ్డట్టే. ఆ సంతోషంలో, ఆమె భర్త చేపలవేటకి వెళ్లాడా అని అడిగాను. పోయిన కార్తీకంలో గాలివానకి అతని పడవ తిరిగి రాలేదనీ, మనిషి దొరకలేదనీ సువార్తమ్మ మెల్లగా చెప్పింది.

అందరూ లేచి వెళ్లాక ఆ చదివినావిడ నా దగ్గరికి వచ్చింది. అరచేత్తో ఇసుక చదును చేసి, వేలితో నెమ్మదిగా రాముడు అని రాసింది.

"నోటితో అనకూడదు కదండి. ఆ పేరుతో పిలిచే మా అత్త కూడా పోయింది. పిల్లలు అయ్యా అంటారు. ఇంక మా ఇంట్లో ఆ పేరు పలికేవాళ్లు లేరండి. మీరోసారి పైకి చదవండి, వింటాను."

చదివాను. ఇంకోసారి అంది. మళ్లీ చదివాను. ఆవిడ ఇసుక చెరపకుండా లేచి, దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

తిరుగు పడవ ఎదురునీటిలో మరీ నెమ్మదిగా సాగింది. రామచంద్రపురంలో మళ్లీ వీరన్నగారే ఎక్కారు. బడి సంగతి అడిగితే జరిగిందంతా చెప్పాను. అక్షరాలెందుకని ఈసారి ఆయన అడగలేదు. కడియం దగ్గర పడుతుండగా నావైపు తిరిగారు.

"పాపం, ఆ అమ్మాయి పేరేంటండి?" అన్నారు చివరికి.

చెప్పబోయి ఆగిపోయాను. ఆమె మొగుడి పేరు రెండుసార్లు పైకి చదివి వచ్చాను గానీ, ఆమె పేరు నేను అడగనే లేదు.