పొడుగు సారు మీసం

ఫిల్మ్‌నగర్‌లో అద్దె గదుల్లో ఉన్న ప్రతి కుర్రాడి దగ్గరా ఒక కథ ఉండే రోజులవి. నా దగ్గరా ఒకటుండేది. పగలు బస్తీ బడిలో పిల్లలకు లెక్కలు చెప్పి, సాయంత్రాలు దాన్ని పట్టుకుని సినిమా ఆఫీసుల ముందు నిలబడేవాణ్ణి. (ఎవరూ లోపలికి రమ్మనలేదు. అది ప్రేక్షకుల అదృష్టమని ఇప్పుడు ఒప్పుకుంటాను.) ఆ తర్వాత పెళ్లిళ్లలోనూ, విందుల్లోనూ నేను అందరినీ నవ్విస్తూ చెప్పిన కథ మాత్రం ఇంకొకటి. బడిలో సేవ చేయడానికి వచ్చిన ఓ తెల్ల కుర్రాడు సినిమా పిచ్చిలో పడి, పిల్లల్ని వదిలేసి షూటింగ్‌కి పారిపోయిన కథ. అందులో షూటింగ్ నిజం. పారిపోవడం నేను కల్పించింది.

ఆ కుర్రాడు పై దేశం నుంచి ఇక్కడి యూనివర్సిటీకి ఓ ఏడాది చదువుకోవడానికి వచ్చాడు. ఆ చదువులో భాగంగా మూడు నెలలు ఏదైనా బడిలో ఊరికే పనిచేయాలి. చివర్లో హెడ్మిస్ట్రెస్ సంతకం చేసి ఉత్తరం ఇస్తేనే ఆ మూడు నెలలు లెక్కలోకి వస్తాయి. పిల్లలు అతనికి పొడుగు సారు అని పేరు పెట్టారు. వాన కురుస్తున్నా తొమ్మిదికల్లా తడిసిన బూట్లతో హాజరయ్యేవాడు. తెలుగు ఒక్క ముక్క రాదు. మా పెద్ద మేడం గారికి అతని ఇంగ్లీషు ఆ యాసలో అర్థం కాదు. కాబట్టి ఇద్దరి మధ్యా నోరూ నేనే, చెవీ నేనే.

ఓ సాయంత్రం టీ బండి దగ్గర ఒక ప్రొడక్షన్ మేనేజరు అతన్ని చూశారు. ఏదో పాతకాలం నాటి సినిమాలో దొర వేషానికి మనిషి దొరక్క తిరుగుతున్నారట. "తమ్ముడూ, ఒక్క రోజు పట్టుకురా. మా డైరెక్టరు గారికి నీ కథ చెప్పిస్తాను" అన్నారు. ఆ మాటతో నాకు కాళ్లు నేల మీద నిలవలేదు. రేపు బడికి సెలవు, సరదాగా షూటింగ్‌కి వెళ్దామని పొడుగు సారుకి చెప్పాను. అతనికి కడుపు బాగాలేదని కబురొచ్చిందనీ, నాకూ ఇంట్లో పనుందనీ పెద్ద మేడం గారికి చెప్పాను. మర్నాడు అతను ఓ గుర్రం పక్కన నిలబడి దూరంగా చూడాలి. పాపం, సాయంత్రం దాకా చూశాడు. డైరెక్టరు గారు మాత్రం నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

చిక్కు అక్కడ లేదు, మేకప్‌లో ఉంది. పొద్దున్నే అతని గడ్డం గీసి, మీసం మాత్రం మెలితిప్పి వదిలి, నడినెత్తిన పాపిడి తీశారు. ఇంకా కొన్ని షాట్లు మిగిలిపోయాయి, అవి తీసేదాకా ఆ మీసం మీద చెయ్యి వెయ్యొద్దని పంపేశారు. వేరే బడిలో అయితే పిల్లలు కాసేపు నవ్వి ఊరుకునేవాళ్లు. మా బడి పిల్లల తండ్రులు లైట్లు మోసేవాళ్లు, స్టూడియో వ్యాన్లు నడిపేవాళ్లు. తల్లులు జనంలో నిలబడే వేషాలు వేసేవాళ్లు. షూటింగ్ మర్నాడు బడిలో ప్రార్థన అయిందో లేదో నాలుగో తరగతి పిల్ల ఒకతి అతన్ని ఎగాదిగా చూసి, "మేడం, సారు పాత పిక్చర్ల చేసిండు. గది విగ్గు గాదు, కటింగే. ఇంక షూటింగ్ బాకీ ఉన్నట్టుంది, గందుకే మీసం తీయలే" అంది.

పెద్ద మేడం గారు నా వైపు తిరిగారు. "కడుపు బాగలేదంటివి గద. ఏంది ఇది?"

"నాకూ అలాగే కబురు చేశాడండీ. సినిమా సరదా కాబోలు" అన్నాను. తన మీసం గురించే మాట్లాడుకుంటున్నామని గ్రహించిన పొడుగు సారు, పక్కనే నిలబడి సంతోషంగా తలూపాడు.

"పిల్లల్ని ఇడిసిపెట్టి పోయినోనికి సంతకం ఎట్ల పెడత? నాలుగు ఆదివారాలు వచ్చి పాఠం చెప్పమను. లేకుంటే ఉత్తరం లేదు."

దీన్ని నేను అతనికి ఇంగ్లీషులో ఇలా అందించాను: నీ పాఠాలు మేడం గారికి ఎంత నచ్చాయంటే, ఆదివారాలు కూడా రమ్మని బతిమాలుతున్నారు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. రెండు చేతులూ జోడించి ఆమెకు దండం పెట్టాడు. శిక్ష వేస్తే దండం పెట్టినవాణ్ణి ఆవిడ తన సర్వీసులో చూసి ఉండరు. నాలుగు ఆదివారాలూ అతను పాటలు నేర్పాడు, నేను గదిలో నిద్రపోయాను. సంతకం దక్కింది కానీ, అతనికి చూపకుండా నేరుగా యూనివర్సిటీకి పంపిన ఉత్తరంలో 'మొదట్లో నిర్లక్ష్యం, మందలించాక బాగుపడ్డాడు' అనే వాక్యం కూడా చేరింది. అది చూసి కూడా నేను నోరు విప్పలేదు.

మొన్న మోతీనగర్‌లో పెద్ద మేడం గారి ఇంటికి వెళ్లాను. రిటైరై చాలా కాలమైంది. ఆవిడ మనవరాలు అచ్చం అలాంటి సేవ కోసమే పై దేశానికి బయల్దేరుతోంది. "సినిమాకు ఉరికిన ఆ పిలగాని లెక్క చెయ్యకు బిడ్డా" అంటూ ఆవిడ మొత్తం చెప్పి, "అడుగు, ఈ సారుకు గూడ ఎరుకే" అని నన్ను చూపించారు. ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. ఎందుకో ఆ పిల్ల ముఖం చూస్తూ ఇంకోసారి అబద్ధం చెప్పలేకపోయాను. జరిగింది జరిగినట్టు చెప్పేశాను.

మేడం గారు కుర్చీలో ముందుకు జరిగారు. "గప్పుడే చెప్తే ఏమైతుండె?"

"ఉద్యోగం పోతుందని భయమేసిందండీ."

"పోతుండె" అన్నారావిడ. "నెల తిరగంగనే నేనే మల్ల పిలుస్తుంటి. లెక్కలకు ఇంకెవరున్నరు నాకు?"

అప్పటికప్పుడు కాగితం తెప్పించి, ఆ పిలగాడు ఏ తప్పూ చేయలేదని తన చేత్తోనే రాశారు. దాని కింద జరిగిందంతా నా చేత ఇంగ్లీషులో రాయించి, సంతకం పెట్టించారు. మనవరాలు ఫోన్లో వెతికి అతని ఆచూకీ పట్టుకుని, రెండింటినీ ఫోటో తీసి పంపింది. మర్నాడే జవాబొచ్చింది. అతను నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ఆదివారాలను ఇన్నేళ్లూ తనకు దక్కిన పెద్ద గౌరవంగా చెప్పుకుంటున్నాడట. అడిగిందల్లా ఒక్కటే: అయితే మేడం గారు నన్ను బతిమాలలేదా?

దాన్ని తెలుగులో చదివి వినిపించాను. విని ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఇప్పుడు బతిలాడుతున్న అని రాయి. ఒక్క ఆదివారం వచ్చి పొమ్మను."

ఒక్క మాట అటూ ఇటూ చేయకుండా రాశాను. రాస్తుంటే చెవులు వేడెక్కాయి. నిజానికి అప్పటి నా చెవులు, ఇరవై మూడేళ్ల వయసున్న ఆ లెక్కల మాస్టారి చెవులు, వేడెక్కాల్సింది. పాపం, వాడికి అప్పుడు అంత తీరిక లేదు.