ఆర్సీ చదివే డ్రైవరన్న

కొత్తవాడకు ఇల్లు మారేటప్పుడు మా సామాను తెచ్చిన పికప్ డ్రైవరన్న ప్రతి వస్తువునూ ఒకసారి ఎత్తి చూసి, ఆర్సీ కార్డు తీసి చదివేవాడు.

"ఈ కార్డుల రాసిన మొత్తం బరువుల బండి బరువు పోను మిగిలిందే మన లోడు అక్కా" అనేవాడు. పులిహోర పెట్టబోతే, "ఇప్పుడు తింటే అది గూడ లోడే" అని వద్దన్నాడు.

బీరువాలు, ఫ్రిజ్, పది బియ్యం బస్తాలు ఎక్కాక ఇక చాలన్నాడు. పాప ఉయ్యాల కిందే మిగిలింది. అది లేకపోతే పాప నిద్రపోదు. నాకు ఏడుపొచ్చింది.

అతను క్యాబిన్‌లో కూర్చున్న మా ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"బావా, జర దిగు. నువ్వు దిగితే రెండు ఉయ్యాలలు ఎక్కుతయి."

మా ఆయన మాతోపాటు ఆటోలో వచ్చారు. సామాను దించాక డ్రైవరన్న మూడు ప్లేట్ల పులిహోర తిన్నాడు.

పాప ఉయ్యాలలో హాయిగా నిద్రపోతోంది. మా ఆయనే, రెండోసారి అన్నం వడ్డించబోతే చెయ్యి అడ్డం పెడుతున్నారు.